పసుపు టైరు ముందు మూడోసారి

ఉమ్ముతో అంటించాడు, కొత్త కారు అద్దానికి ఎవరైనా ఉమ్ముతో అంటిస్తారా, ఛీ, అనుకుంటూ ఆమె చూపు తిప్పుకోబోయింది గానీ ఎక్కడికని తిప్పుకుంటుంది, ముందు సీట్లో కూర్చున్న మరిది ఆ ఫోను స్టాండు రబ్బరు మూతిని నాలుకతో ఒకసారి నాకి, చాలదన్నట్టు మళ్ళీ నాకి, అరచేత్తో అద్దానికేసి నొక్కాడు, చప్పున అతుక్కుంది, దాని చుట్టూ తడి గుండ్రంగా మెరుస్తోంది, ఎండ కూడా వేరే పనేం లేనట్టు సరిగ్గా అక్కడే పడుతోంది, స్టీరింగు దగ్గరున్న ఆమె భర్త అది చూసి, ఒరేయ్ బుద్ధుందా, నిన్న సాయంత్రమే తుడిచానురా ఆ అద్దం, అని జేబులోంచి మెత్తటి గుడ్డ తీశాడు, తీసి తుడిచింది అద్దాన్ని కాదు, డాష్‌బోర్డు మధ్యలో కారుతోపాటే బిగించి వచ్చిన తన పెద్ద తెరను, చంటిపిల్ల మూతి తుడిచినట్టు మూలమూలలా తుడిచి గుడ్డ మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు, అంత సుతారంగా ఆయన దేన్నైనా తుడవగా పన్నెండేళ్ళ కాపురంలో ఆమె చూడలేదు, పైగా ఈ వాసనొకటి, కొత్త ప్లాస్టిక్కు, కొత్త సీటు తొడుగులు, వాటికి తోడు అద్దానికి వేలాడదీసిన నిమ్మకాయ వాసన అట్టముక్క, మూడూ కలిసి ముక్కు బద్దలుకొడుతున్నాయి, కిటికీ దించుదామంటే ఏసీ పోతుంది, ఏసీ పోతే క్రీము పోతుంది, క్రీము పోతే ఇక మిగిలేదేముంది, ఒళ్ళో పెళ్ళి కేకు పై అంతస్తున్న చిన్న డబ్బా, పక్క సీటు మీద కింది అంతస్తున్న పెద్ద డబ్బా, సీటు వెనక్కి వాలుగా ఉంటుంది గనక దుప్పటి మడతలు పెట్టి ఎత్తు సరిచేసి, జారకుండా తడి తువ్వాలు పరిచి, దాని మీద పెట్టింది, ఒక చెయ్యి దీని మీద, ఒక చెయ్యి దాని మీద, ముక్కు దురద పెడితే గోక్కోవడానికి మూడో చెయ్యి లేదు, డిక్కీలో చదునుగా పెడదామండీ అంటే డిక్కీ కార్పెట్టుకి జిడ్డు అంటుతుందన్నాడు ఆయన, పోనీ టాక్సీ పిలుచుకుంటాను అంటే ఇంట్లో కొత్త కారు పెట్టుకుని టాక్సీ ఏమిటి, నలుగురూ నవ్వరూ అన్నదీ ఆయనే.

నాలుగింటికల్లా కేకు ఈ బల్ల మీద ఉండాలమ్మా అన్నాడు మొన్న హోటలు వంటశాల పెద్దాయన, ఎత్తు టోపీ ఆయన, నమూనా కేకు ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలి, పెళ్ళివాళ్ళు ఆరింటికి వస్తారు, ఈలోపు రెండు అంతస్తులూ నిలబెట్టాలి, పూలు పెట్టాలి, చల్లబడాలి, మాట నిలబెట్టుకున్నారా వారం వారం పెళ్ళి కేకులన్నీ మీవే, రోజూ వచ్చి ఇక్కడే చేసుకోండి, ఈ బల్ల మీకే వదిలేస్తాను, ఆలస్యమైతే మాత్రం మా కుర్రాళ్ళు చేసింది పెట్టేస్తాను, మళ్ళీ మీకు కబురు చెయ్యను, ఏమీ అనుకోకండి, అన్నాడు, ఎందుకనుకుంటుంది, ఉన్నమాట ఉన్నట్టు చెప్పే మనిషి దొరకడమే గొప్ప, ఆ బల్ల పాలరాతిది, చల్లటి గది మధ్యలో, నాలుగు వైపుల నుంచీ తిరగొచ్చు, ఎత్తు సరిగ్గా ఆమె నడుముకి, ఎవరూ చూడనప్పుడు రెండు అరచేతులూ దాని మీద ఆనించి నిలబడింది, ఆ చల్లదనం ఇంటికొచ్చాక కూడా చేతుల్లో ఉంది, రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా ఉంది, అలాంటిది ఇప్పుడు ఈ చేతులు డబ్బాల మీద చెమటపట్టి జిడ్డు కారుతున్నాయి, ఆ హోటలుకి రెండుసార్లు వెళ్ళి కూడా దారి తెలీదు, టాక్సీలో వెళ్ళింది, ఎప్పుడు వెళ్ళినా ఒళ్ళో డబ్బా, చూపు డబ్బా మీద, దారి ఎక్కడ చూసింది గనక.

ముందుకు సాగి ఎడమ వైపు తిరగండి అంది డాష్‌బోర్డులో దారి చెప్పే గొంతు, నిదానంగా, పట్టుచీర కట్టుకుని సింహాసనం మీద కూర్చున్నదానిలా, ఆమె దానికి మహారాణి అని పేరు పెట్టుకుంది, నేరుగా వెళ్ళండి, నేరుగా వెళ్ళండి అని అరిచింది అద్దానికంటుకున్న ఫోను, అది చిలక, ఒకే ఒరలో రెండు కత్తులు, ఒకే కారులో ఇద్దరు సవతులు, చూశావా చూశావా అన్నాడు మరిది, నీ పెట్టె ఇంకా పాత రోడ్డే పట్టుకు వేలాడుతోంది అన్నయ్యా, అక్కడ ఫ్లైఓవర్ కట్టి ఏడాది దాటింది, దానికి తెలీదు పాపం, తెలియాలంటే షోరూముకి మోసుకుపోయి కొత్త మ్యాపు పోయించుకోవాలి, నా ఫోను అలా కాదు, పొద్దున ఎవరో గొయ్యి తవ్వితే మధ్యాహ్నానికి చెప్పేస్తుంది, ఎక్కడ బళ్ళు ఆగిపోయాయో ఎర్రగా చూపిస్తుంది, ఊరుకుంటాడా ఈయన, పంపుల ఫ్యాక్టరీలో స్టోరు చూసే మనిషి, ఏ వస్తువైనా దాంతో వచ్చిన పుస్తకం అక్షరం వదలకుండా చదివే మనిషి, కారుతో వచ్చిన పుస్తకాన్ని మంచం మీద పడుకుని నెలరోజులు చదివాడు, దీపం ఆర్పండీ అంటే ఈ అధ్యాయం అవనీ అనేవాడు, అది కారులోనే పుట్టిందిరా, నీ ఫోనులా అద్దానికి ఉమ్ముతో అంటించింది కాదు, సిగ్నల్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, చార్జింగు అక్కర్లేదు, సొరంగంలోకి పోయినా చక్రాలు ఎంత తిరిగాయో లెక్కపెట్టుకుని దారి చెబుతుంది, నీది సొరంగంలోకి పోతే నోరెళ్ళబెడుతుంది, అన్నాడు, పుట్టిందే గానీ పెరగలేదుగా అన్నాడు మరిది, సెల్‌ఫోన్ల కొట్టు మరి వాడిది, నోరు పెట్టి బతికేవాడు, బయల్దేరే ముందు ఆ మహారాణికి హోటలు చిరునామా చెప్పడానికి ఈయన గుండ్రటి మీట తిప్పుతూ ఒక్కో అక్షరం ఏరుకుంటూ ఎంతసేపు కూర్చున్నాడని, ఒక అక్షరం తప్పుపడితే మళ్ళీ మొదటికి, ఆమె డబ్బాలతో వెనక సీట్లో కొలువు తీరి చూస్తూనే ఉంది, నా ఫోనుకి నోటితో చెబితే చాలు అన్నయ్యా అని వీడు, నోటితో చెబితే ఎవరికైనా చెప్పొచ్చురా అని ఆయన, అద్దం దించి రోడ్డు మీద ఎవర్నైనా అడగకూడదూ అందామె ఒక్క ముక్క, అంతవరకూ ఒకరి మొహం ఒకరు చూసుకోని అన్నదమ్ములిద్దరూ ఒక్కటై వెనక్కి తిరిగారు, ఇంత కారు పెట్టుకుని దారి అడుగుతామా, నవ్విపోతారు వదినా, అన్నాడు మరిది, నువ్వు కేకు చూసుకో, అన్నాడు భర్త.

చూసుకుంటోంది, ఇంకేం చేస్తోంది, ఫ్లైఓవర్ ఎక్కారు చిలక చెప్పినట్టే, ఎక్కీ ఎక్కగానే ఆయన తెర మీద రోడ్డు మాయమై కారు గుర్తు బూడిదరంగు మైదానంలో ఒంటరిగా ఈదడం మొదలెట్టింది, వీలైన చోట వెనక్కి తిరగండి అంది మహారాణి, గాల్లో ఎక్కడ తిరుగుతారే నీ మొహం, మరిది పకపకా నవ్వాడు, ఆ నవ్వు నోట్లో ఉండగానే వాడి ఫోను మోగింది, కొట్టుకొచ్చే బేరం ఎవరో, తెర పగిలిన ఫోను ఇచ్చిపోయిన ఆవిడ, కారంతా దద్దరిల్లేలా స్పీకరులో ఆవిడ గొంతు, పొద్దుననగా ఇస్తానన్నావు బాబూ, ఇస్తానమ్మా, ఎప్పుడిస్తావు, ఇదిగో సాయంత్రం, అందులో మా మనవరాలి ఫొటోలున్నాయి బాబూ, ఎక్కడికీ పోవమ్మా, ఆవిడ మాట్లాడినంతసేపూ చిలక నోరు మూసుకుని కూర్చుంది, దిగాల్సిన చోటు కిటికీలోంచి అలా వెనక్కి పోయింది, అదిగో, చూశావా నీ ఫోను సంగతి, అది దారి చెబుతుందా, కొట్టు నడుపుతుందా, అని ఈయన ఒక్కసారిగా బ్రేకు మీద కాలేశాడు, వెనక బళ్ళ హారన్లు, తిట్లు, పక్క సీటు మీద పెద్ద డబ్బా వేలెడు ముందుకు జారింది, లోపల ఏదో మెత్తగా తగిలిన చప్పుడు ఆమెకొక్కదానికే వినబడింది, ఏవండీ మెల్లగా, కేకు, అంది, ఎవరికి చెబుతోంది, ఆబోతులు రెండూ కుమ్ముకుంటుంటే లేగదూడ కాళ్ళు విరిగాయట, ఎప్పుడో విన్న సామెత, అది తన గురించేనని ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదో, నీదంటే నీదని ఇద్దరూ అరుచుకుని అరుచుకుని ఉన్నట్టుండి మెత్తబడ్డారు, ఎలా మెత్తబడతారో ఆమెకి తెలుసు, పన్నెండేళ్ళుగా చూస్తున్నదే, ఆయన నాలుకతో సగం విరిగిన ముందుపన్ను తడుముకున్నాడు, మరిది మెడ గోక్కున్నాడు, సరే, వంతులేసుకుందాం అన్నాడు ఆయన, సరే అన్నాడు మరిది, ఒక మలుపు నీ ఫోను చెప్పినట్టు, ఒక మలుపు నా కారు చెప్పినట్టు, ఎవరికీ అన్యాయం వద్దు, అమ్మ ఉంటే అదే చెప్పేది.

అదే చెప్పేది, నిజమే, అత్తయ్య పెట్టిన చట్టమే అది, చిన్నప్పుడు బొంగరం కోసం కొట్టుకుని తమ్ముడు అన్న పన్ను సగానికి విరగ్గొట్టినరోజు ఆవిడ ఇద్దర్నీ చెరో రెక్కా పట్టుకుని నిలబెట్టి చెప్పిందట, ఇవాల్టినుంచి ఈ ఇంట్లో అన్నీ వంతులే, ఒకసారి పెద్దాడు, ఒకసారి చిన్నాడు, వంతు వచ్చినవాడు ఏది చెబితే అదే, రెండోవాడు నోరెత్తాడో అన్నం లేదు, ఆవిడ పోయి ఫొటోలోకి ఎక్కినా చట్టం మాత్రం పోలేదు, ఇల్లంతా దాని పాదముద్రలే, హాలు గోడ సగం పచ్చ, సగం గులాబీ, వచ్చినవాళ్ళు రంగు చాల్లేదా అని అడుగుతారు, టీవీ ఒకరోజు ఆయన వార్తలు, ఒకరోజు వీడి ఆటలు, కారు కొనాలనుకున్నప్పుడు ఏ కారో చెప్పే వంతు ఆయనది, ఏ రంగో చెప్పే వంతు వీడిది, చివరికి ఆమె ఓవెను కూడా, పెళ్ళైన కొత్తల్లో వెనక వరండాలో వెలుతురులో ఓవెను పెట్టించాడు ఆయన, బాగుంది, చేతికింద గాలి, ఎదురుగా గోడ మీద పిచ్చుకలు, మరుసటేడు తమ్ముడి వంతొచ్చింది, వరండాలో నా బండి పెట్టుకోవాలి వదినా, ఓవెను మెట్ల కింద బాగుంటుంది అన్నాడు, అంతే, మెట్ల కింద పెట్టేశారు, భర్త నోరెత్తలేదు, వంతు మరి, అప్పట్నుంచీ ఆమె ఆ మెట్ల కింద నడుం వంచి పిండి కలుపుతోంది, వంచి క్రీము గిలకొడుతోంది, మరిచిపోయి నిటారుగా లేచినప్పుడల్లా ఏడో మెట్టు నడినెత్తిన టంగుమని మోగుతుంది, ఇంట్లో అందరికీ ఆ చప్పుడు అలవాటే, వదిన లేచింది అంటాడు మరిది, నవ్వుతారు, ఆమె కూడా నవ్వేది, పక్కింటావిడ దగ్గర గొప్పలు కూడా పోయేది, మా ఇంట్లో అన్నదమ్ములు మాటా మాటా అనుకోరండీ, అన్నీ వంతులే, అత్తయ్య పెంపకం అలాంటిది, ఛీ, ఆ మాటలు ఇప్పుడు నోట్లో చల్లారిన నూనెలా అంటుకుంటున్నాయి.

తర్వాతి చోట ఫ్లైఓవర్ దిగాక ఎడమ వైపు అంది చిలక, తిరిగారు, టైర్ల కొట్టు, దాని ముందు నిలువెత్తు లారీ టైరు నిలబెట్టి పసుపు రంగు పూశారు, టైరు బోలులో గోధుమరంగు కుక్క ముడుచుకు పడుకుని ఉంది, తర్వాత మలుపు మహారాణి వంతు, అది పాత రోడ్డు మీదికి పోవాలని ఎడమకి తిరగమంది, తిరిగారు, తర్వాత చిలక, అది మళ్ళీ ఫ్లైఓవర్ మీదికి పోవాలని ఎడమకి తిరగమంది, తిరిగారు, తర్వాత మహారాణి, ఎడమ, మళ్ళీ చిలక, ఎడమ, ఎవరి వంతుకి వాళ్ళు న్యాయంగా, ధర్మంగా, ఒకరి మాటకి ఒకరు అడ్డు రాకుండా, మహా ముచ్చటగా తిరిగారు, ఆమె కిటికీలోంచి చూస్తే టైర్ల కొట్టు, పసుపు టైరు, టైరులో కుక్క, ఈసారి అది తలెత్తి చూసింది, ఏవండీ, ఇక్కడికి ఇందాకే వచ్చాం, అంది, అలాంటి కొట్లు వంద ఉంటాయి అన్నాడు భర్త తెర మీంచి చూపు తిప్పకుండా, టైరుకి పసుపు రంగు ఇప్పుడు ఫ్యాషను వదినా అన్నాడు మరిది ఫోను మీంచి చూపు తిప్పకుండా, ఆమెకి నవ్వు రావాలి, రాలేదు, ఒళ్ళు కంపరమెత్తింది, ఇద్దరివీ ఒకటే మెడలు, వెనకనుంచి చూస్తే ఒకే అచ్చులో పోసినట్టు, చెవుల వెనక ఒకేలా చెమట, కాలరు మడత మీద ఒకేలా నల్లటి గీత, ఇన్నేళ్ళు ఆ కాలర్లు తనే రుద్దింది, సబ్బు పెట్టి, బ్రష్షు పెట్టి, ఇద్దరివీ, వంతుల్లేకుండా.

మహారాణి వంతున ఇంకో మలుపు తిరగ్గానే ఫోను ఆరిపోయింది, ఎండలో అద్దానికతుక్కుని మాడి మాడి, వేడెక్కింది చల్లారేదాకా పనిచెయ్యను అని తెర మీద చూపించి నల్లగా అయిపోయింది, హహ్హా అన్నాడు ఆయన, పెద్ద పండగే వచ్చినట్టు, నాది చూడు, లోపలుంది, నీడపట్టున, ఎప్పటికీ మాడదు, ఆమె హమ్మయ్య అనుకుంది, పీడా పోయింది, ఇక ఒక్కటే గొంతు, పాత రోడ్డైతే ఏం, చుట్టైతే ఏం, ఒకటే దారిన పడితే ఎప్పటికైనా చేరతాం, అనుకుందో లేదో ఆయన కారు పక్కకి తీసి ఆపేశాడు, ఏమైందండీ, ఈ మలుపు వాడి ఫోనుదే, అన్నాడు, ఆమెకి ముందు అర్థం కాలేదు, అది ఆరిపోయిందిగా అంది, చల్లారుతుందిగా, వంతు వంతే, మనకి అన్యాయం పనికిరాదు, అన్నాడు ఎంతో పెద్దమనసుతో, మరిది కళ్ళల్లో కృతజ్ఞత చూడాలి, థాంక్స్ అన్నయ్యా అని గాలి వచ్చే రెక్కలన్నీ తన వైపు తిప్పుకుని ఫోనుని వాటి ముందు పట్టుకు కూర్చున్నాడు, వెనక్కి రావాల్సిన చల్లగాలి, క్రీముకి రావాల్సిన చల్లగాలి, ఫోను వీపు నిమురుతోంది, ఒళ్ళో చిన్న డబ్బాకి పక్కన అతికించిన గాజుకాగితంలోంచి చూస్తే చక్కెర పూవొకటి, ఆమె మూడు రాత్రులు ఒక్కో రేకూ పల్చగా ఒత్తి ఆరబెట్టి అతికించిన పూవు, మెల్లగా, సిగ్గుపడ్డట్టు తల వాల్చేస్తోంది, సరిగ్గా అప్పుడే సంచీలో ఆమె ఫోను మోగింది, మరిది కొట్టులో ఎవరూ కొనక మిగిలిన బటన్ల ఫోను, అది దారీ చెప్పదు, బొమ్మా చూపించదు, మోచేత్తో సంచీ లాగి గడ్డంతో నొక్కిపట్టి మాట్లాడింది, హోటలు వంటశాల కుర్రాడు, ఎక్కడున్నారమ్మా, పెద్దాయన గడియారం చూస్తున్నారు, మావాళ్ళ కేకు బయటికి తీయమంటారా అని అడగమన్నారు, వస్తున్నాను బాబూ, దగ్గరికొచ్చేశాను, తీయించకు, అంది, ఎంత దగ్గరికొచ్చిందో తనకేం తెలుసు, ఏం చూసి చెప్పింది, ఆ పాలరాతి చల్లదనం అరచేతుల్లోంచి ఇంకిపోతున్నట్టే ఉంది, ముందు సీట్లో ఇద్దరూ ఒకటే ఫోను మీద వంగి ఊదుతున్నారు, ఇద్దరూ, ఊదుతున్నారు, వేడిపాల గ్లాసు ఊదినట్టు.

వచ్చింది ప్రాణం ఫోనుకి, ఎడమ అంది, ఎడమకి తిరిగారు, మహారాణి ఎడమ అంది, తిరిగారు, మళ్ళీ చిలక ఎడమ అంది, తిరిగారు, గానుగెద్దుకి కళ్ళకి గంతలు కడతారు, ముందుకే పోతున్నానని అనుకోవాలని, వీళ్ళు చూడండి, గంతలు కొనుక్కుని కట్టుకున్నారు, ఒకడు పెద్దది, ఒకడు చిన్నది, పైగా ఎవరి గంత మంచిదని తగువు, ఆమె డబ్బాల మీంచి చూపెత్తింది, ఎత్తాలని ఎత్తలేదు, చూపు అక్కడే పెడితే పూలు వాలిపోవడం చూడాలి కనుక ఎత్తింది, పసుపు టైరు, మూడోసారి, కుక్క ఈసారి లేచి నిలబడి, ఎరిగున్న మనిషిని చూసినట్టు తోకాడించి, ఒళ్ళు విరుచుకుని మెడ పైకి సాచింది, దాని మెడ వెంట ఆమె చూపూ పైకి పోయింది, టైర్ల కొట్టు రేకుల మీదుగా, వెనక ఆరబెట్టిన బట్టల మీదుగా, పైకి, అక్కడ ఆకాశానికి ఆనుకుని తెల్లటి ఎత్తైన మేడ, నెత్తిన ఎర్రటి అక్షరాలు, ఎంత పెద్దవంటే దారినపోయే గుడ్డివాడికైనా తగులుతాయి, హోటలు, అదే హోటలు, మొదటిసారి వచ్చినప్పుడూ అక్కడే ఉండి ఉంటుంది, రెండోసారీ అక్కడే ఉండి ఉంటుంది, ఎక్కడికి పోతుంది, కొట్టు పక్కనుంచి సందు, సందు చివర పైకి మెట్లు, మెట్ల మీద తెల్ల కోటు వేసుకున్న వంటకుర్రాడెవడో కూర్చుని టీ తాగుతున్నాడు, కారు పట్టని సందు, కార్ల కోసం దారి చెప్పేవాళ్ళకి మెట్లతో ఏం పని, అందుకే ఇద్దరు సవతులూ దాని ఊసే ఎత్తలేదు, అదిగో హోటలు అంది ఆమె, ఇంకా నాలుగు కిలోమీటర్లుంది అన్నాడు భర్త తెర చూసి, మూడున్నరే అన్నాడు మరిది ఫోను చూసి, అదిగోనండీ, కిటికీలోంచి కనబడుతోంది, తలెత్తి చూడండి, అంది, నీ కళ్ళకి కనబడితే సరిపోయిందా, దారి ఉండొద్దూ, అన్నాడు ఆయన, తలెత్తలేదు, ఇద్దరిలో ఒక్కడు, ఒక్కసారి, తలెత్తలేదు, ఎంత అసహ్యం వేసిందంటే పళ్ళు జిల్లుమన్నాయి, ఆ ఉమ్ము తడి, ఆ నిమ్మకాయ కంపు, ఆ తుడుపుగుడ్డ, ఆ కాలర్లు, సగం పచ్చా సగం గులాబీ గోడ, నెత్తిన మోగే ఏడో మెట్టు, అన్నీ కలిసి ఒక్కసారి మీదపడ్డాయి, వీళ్ళకి చేరడం అక్కర్లేదు, ఎవరిది గొప్పో తేలితే చాలు, తేలకపోయినా ఇద్దరికీ సమానంగా తేలకపోతే చాలు, వంతు నీదా నాదా అంటున్నాడు మరిది, ఇందాక నీదైంది, ఇప్పుడు నాది అంటున్నాడు భర్త, కాదు అంది ఆమె.

కాదు, ఇప్పుడు వంతు నాది, అంది, గొంతు పెద్దదేం చెయ్యలేదు, కానీ కారు ఆగిపోయింది, ఇద్దరూ వెనక్కి తిరిగారు, మొట్టమొదటిసారి ఆ కారులో మనిషి ఉన్నట్టు చూశారు, నీకు వంతేమిటి అంటాడనుకుంది ఆయన, అనలేదు, నోరు తెరిచి, సగం పన్ను నాలుకతో తడిమి, మూసుకున్నాడు, మరిది అన్న మొహం చూశాడు, అన్న తమ్ముడి మొహం చూశాడు, వంతు వచ్చినవాళ్ళు ఏది చెబితే అదే, రెండోవాళ్ళు నోరెత్తకూడదు, చట్టంలో దానికి జవాబు లేదు, దిగండి, అంది, కారు ఇక్కడే పెట్టండి, పెద్ద డబ్బా మీరు పట్టుకోండి, అడుగున రెండు చేతులూ వెయ్యండి, పక్కలు పట్టుకుంటే వంగుతుంది, చిన్నది నువ్వు పట్టుకో, ఊపకు, చక్కెర పూలున్నాయి, నేను ముందు నడుస్తాను, కారుకి గీతలు పడితేనో అన్నాడు ఆయన, అన్నాడే గానీ అప్పటికే తలుపు తీసి దిగుతున్నాడు, బడిపిల్లాడిలా, మరిది ఫోను తీసుకోబోయి ఆమె చూపు చూసి అద్దానికే వదిలేశాడు, వెనక కారులో వీలైన చోట వెనక్కి తిరగండి అని మహారాణి చెబుతూనే ఉంది, వినేవాడు లేడు, కుక్క టైరు దిగి వాళ్ళ వెంట నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది.

సందులో వెనకనుంచి ఇద్దరి ఆయాసం వినబడుతోంది, మెల్లగా అన్నయ్యా, నువ్వు మెల్లగారా, చేతులు ఖాళీగా నడుస్తోంది ఆమె, ఎన్నాళ్ళయింది ఖాళీ చేతుల్తో నడిచి, సంచీలో క్రీము సంచీ ఉంది, పల్చటి చాకుంది, పెద్ద డబ్బాలో పక్కగోడ కాస్త నలిగి ఉంటుంది, చెరిపి మళ్ళీ పూయొచ్చు, వాలిన పూవు తీసి వెనకవైపు పెట్టొచ్చు, ఎవరికి కనబడుతుంది, నాలుగింటికి ఇంకా కొంచెం వేళుంది, మెట్ల మీద కుర్రాడు ఆమెను చూసి టీ గ్లాసు పక్కన పెట్టి లేచి, వచ్చేశారమ్మా, అని కేకేస్తూ లోపలికి పరిగెత్తాడు, సంతోషం రావాలి, వస్తుంది, తర్వాత వస్తుంది, ఇప్పుడు మాత్రం అసహ్యం ఇంకా పోలేదు, మొహం మాత్రం తన వైపు తిప్పుకుంది, ఇంతేనా, ఇంత తేలికా, పోట్లాడలేదు, ఏడవలేదు, పుట్టింటికి పోతానని బెదిరించలేదు, వంతు నాది అంటే దిగిపోయారు, పన్నెండేళ్ళు మెట్ల కింద నెత్తి మోగించుకుంది, ఆ ఒక్క మాటకే కదా, వాళ్ళు ఇవ్వకపోవడం కాదు, ముగ్గురున్న ఇంట్లో ఇద్దరినే లెక్కపెట్టారు, లెక్కలో తను లేదని ఎవరికీ తట్టలేదు, అత్తయ్యకి తట్టలేదు, వీళ్ళకి తట్టలేదు, తనకీ తట్టలేదు, ఇందాక కుక్క మెడ సాచేదాకా, వదినా, అన్నాడు వెనకనుంచి మరిది ఆయాసపడుతూ, వాడి గొంతులో నిజంగానే న్యాయం ఏదో తెలుసుకోవాలనే అమాయకత్వం, దీని తర్వాత వంతు ఎవరిదవుతుంది, అన్నయ్యదా నాదా, ఆమె మెట్టు మీద ఆగింది, వెనక్కి తిరిగి ఇద్దర్నీ చూసింది, డబ్బాలు మోస్తూ చెమటలు కారుస్తూ జవాబు కోసం మొహాలెత్తి నిలబడ్డారు, ఇప్పటికి తలెత్తారు, పన్నెండేళ్ళుగా నా వంతులు ఒక్కటీ రాలేదు, అంది, అవన్నీ అయ్యాక చెబుతాను, అని తిరిగి, నెత్తికి ఏదీ తగలదని తెలిసి కూడా అలవాటు చొప్పున ఒకసారి తల వంచి, మళ్ళీ నిటారుగా ఎత్తి, మెట్లెక్కింది.